నేత్రోన్మీలన మహోత్సవం

చూపు భగవంతుడిచ్చేదని చిన్ననాటి నుంచీ చదువుకున్నాను. అయితే ఆ చూపును ఎవరి చేతుల మీదుగా, ఏ ముహూర్తాన, ఎవరి ముఖం మీదికి విడుదల చేయాలో నిర్ణయించే అధికారం చింతలంకలోని సహస్రాక్ష ధర్మ నేత్రాలయ పాలకమండలికి ఉన్నదన్న సంగతి మాత్రం, వయసు డెబ్బై దాటి, ఎడమ కంటికి శుక్లం తీయించుకోవడానికి అక్కడ మంచమెక్కినప్పుడే తెలిసింది.

సహస్రాక్షుడనగా ఇంద్రుడు. ఆయనకు ఆ వేయి కన్నులు ఏ సందర్భంలో సంక్రమించాయో తెలిసిన వారెవరూ ఆసుపత్రికి ఆ పేరు పెట్టరు. తెలియని దాతలు పెట్టారు. పురాణం చెప్పడమే నా వృత్తి అయినా, ఇష్టపడి పెట్టుకున్న పేరుకు పురాణం విప్పి చెప్పడం మర్యాద కాదు గనుక నేను ఊరుకున్నాను.

నిరుటి దాకా ఇక్కడ కూడా లోకమంతటా జరిగినట్లే జరిగేదట. ఇవాళ శుక్లం తీస్తే, రేపు ఉదయం నర్సు వచ్చి కట్టు విప్పి, చుక్కల మందు వేసేది. రోగి కాఫీ తాగి కిటికీలోంచి గోదావరి పాయను చూసుకునేవాడు. నిరుటి శిబిరానికి ముఖ్య అతిథిగా విచ్చేసిన మాన్యవర్యులు మాత్రం పూలదండతో వార్డులో అడుగుపెట్టి, అందరూ అప్పటికే కళ్ళు తెరుచుకుని తనవంక చూస్తూ ఉండటం గమనించి మిక్కిలి నొచ్చుకున్నారట.

"చూస్తున్న వాళ్ళకి చూపు ఎలా ఇవ్వనయ్యా?" అని అడిగారట.

తర్కం దృష్ట్యా ఆ ప్రశ్నకు జవాబు లేదు. అందుచేత పాలకమండలి సమావేశమై, "శస్త్రచికిత్సానంతరము ఏ రోగియు, శస్త్రచికిత్స పొందిన నేత్రముతో, ముఖ్య అతిథి కంటె ముందుగా దేనినీ చూడరాదు" అని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ కట్టు విప్పే సభకు నేత్రోన్మీలన మహోత్సవమని పేరు పెట్టి ఆహ్వానపత్రిక అచ్చు వేయించింది. నేత్రోన్మీలనమంటే దేవాలయంలో విగ్రహ ప్రతిష్ఠ వేళ దేవతా మూర్తికి కళ్ళు తెరిపించే తంతు. మనుష్యులకు ఆ తంతు ఉన్నట్లు నేను ఎరుగను. పత్రిక బంగారు రంగులో అందంగా ఉంది. అప్పుడు కూడా ఊరుకున్నాను.

సోమవారం ఉదయం పెద్ద డాక్టరుగారు వరసగా అందరికీ శుక్లాలు తీసి, మరో ఊళ్ళో మరో శిబిరానికి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం సంస్థ కార్యదర్శి కోటిలింగంగారు వార్డుకు వేంచేశారు. ఆయనకు నిలువెత్తు విగ్రహం, భుజాన జరీ కండువా, ఉత్తర్వులు చదివీ చదివీ ఉత్తర్వు లాగే తయారైన గొంతు. ఒక్కొక్కరి కట్టు మీద సంస్థ ముద్ర ఉన్న గుండ్రటి కాగితం అతికించుకుంటూ వచ్చారు. "ముఖ్య అతిథి మాత్రమే విప్పవలెను" అని దాని మీద ఉంది.

"ఇది సీలు. సీలు చిరిగినచో సంస్థ బాధ్యత వహించదు," అన్నారు.

"దేనికి బాబూ బాధ్యత?" అని తెర అవతలి నుంచి ఒక ఆడగొంతు.

"దేనికైనా."

ఒకే హాలును గుడ్డతెరతో రెండు చేసి ఇటు మగవాళ్ళను, అటు ఆడవాళ్ళను పడుకోబెట్టారు. తెరకు ఇటు పక్క మొదటి మంచం నాది. అటు పక్క మొదటి మంచం సూరాంబది. ఆవిడ లేసు అల్లుతుంది. కురుసు సూదితో ఆవిడ అల్లిన బల్లగుడ్డలు ఓడలెక్కి పోతాయట. ఎడమకన్ను చిన్నప్పుడే ముల్లు గుచ్చుకుని పోయింది. ఉన్నది కుడికన్ను ఒక్కటే. దానికే శుక్లం తీశారు. మాకందరికీ తీయించుకోని కన్నొకటి మిగిలి ఉంది. సూరాంబకు మాత్రం ఆ కట్టు కింద ఉన్నదే ప్రపంచమంతా.

"సగం అల్లిన బల్లగుడ్డ ఇంటికాడ ఉందండి శాస్తుర్లు గారూ," అన్నదావిడ తెర అవతలి నుంచి. "అల్లిక వేళ్ళకి వచ్చండి. వేళ్ళు కళ్ళు మూసుకుని అల్లేస్తాయి. తప్పు పడితే చెప్పాల్సింది మాత్రం కన్నేనండి, ఆయ్."

మంగళవారం ఉదయం మహోత్సవం జరగవలసి ఉంది. అంతకుముందు ఒక పూర్వాభ్యాసం పెట్టారు. కోటిలింగంగారు వార్డు మధ్యలో నిలబడి ముఖ్య అతిథి పాత్ర ధరించి, ఒక్కొక్క మంచం దగ్గరికీ వచ్చి కట్టు విప్పినట్లు అభినయించారు. విప్పినట్లు అభినయించగానే మేము చేతులు జోడించి, "ఆహా, కనబడుతున్నారు!" అనవలెను.

నా కుడి పక్క మంచం గనిరాజుగారిది. రొయ్యల చెరువులున్న ఆసామి. ఏదీ మనసులో దాచుకోలేరు. ఆయన మొదటిసారే, "ఆహా, కనబడుతున్నారు కోటిలింగంగారూ!" అన్నారు.

"నా పేరు అనరాదు. నేను ప్రస్తుతం నేను కాను," అన్నారు కోటిలింగంగారు. ఉపనిషత్తుల్లో ఈ వాక్యానికి దగ్గరగా కొన్ని ఉన్నాయి.

సూరాంబ వంతు వచ్చింది. "కనబడకపోతేనో బాబూ?"

"అట్టి సందర్భమునకు కార్యక్రమములో అవకాశము కల్పించబడలేదు."

అంతలో కబురు వచ్చింది. ముఖ్య అతిథిగారి జ్యోతిష్కుడు మంగళ, బుధవారాలు రెండూ వారి జాతకానికి సరిపడవన్నాడట. గురువారం ఉదయం శ్రేష్ఠమట. నిరుటి మాన్యవర్యులే ఈసారి కూడా ముఖ్య అతిథి. ఆయన గురించి గనిరాజుగారు నాకు అప్పుడే చెప్పారు.

"మనిషి మంచాడేనండి. కానీ దిష్టంటే హడల్. వేలికో ఉంగరం. కారుకి ముందొక నిమ్మకాయల దండ, వెనకొకటి. పిల్లి ఎదురొస్తే కారు వెనక్కి తిప్పించి మళ్ళీ ఇంటికాణ్ణించి బయల్దేరతారండి. ఓసారి అలాగ మా ఊరు రావడానికి పొద్దుణ్ణించి సాయంత్రం దాకా పట్టింది. మా ఊళ్ళో పిల్లులెక్కువ."

ఆ మాట అంటూనే గనిరాజుగారు పెద్దగా తుమ్మారు. కట్టు ముక్కు మీదికి జారింది. శుక్లం తీసిన కన్ను తెరుచుకుంది. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు గనుక పైన తిరుగుతున్న సీలింగు ఫ్యాను కనబడింది. "ఓహో! రెక్కలు రెక్కలుగా కనబడుతోందండోయ్!" అని ఆనందం పట్టలేక కేక వేశారు.

ఆ ఆనందానికి మర్నాడు ఉదయం సమాధానం వచ్చింది. కోటిలింగంగారు స్వయంగా చదివి వినిపించారు. "ముఖ్య అతిథికి మారుగా సీలింగు ఫ్యానును ప్రథమ దర్శనముగా స్వీకరించిన మీపై తగు చర్య ఏల తీసికొనరాదో తెలియజేయవలెను."

"తుమ్మొచ్చిందండీ," అన్నారు గనిరాజుగారు.

"తుమ్మునకు ముందస్తు అనుమతి పొందితిరా?"

గనిరాజుగారి కంటికి మళ్ళీ కట్టు కట్టి, రెండు సీళ్ళు వేశారు. ఆయన చూసిన చూపును అనధికార దృష్టిగా పరిగణించి, జరగనట్లుగా నిర్ధారించారు. ఫ్యానును కూడా ఆపించారు.

బుధవారం మధ్యాహ్నానికి తెర అవతల మూలుగు వినిపించింది.

"ఏమిటి సూరాంబా?"

"పోటండి. నిన్న రాత్తిరి కొంచెంగా ఉంది. ఇప్పుడు కంట్లో ఎవరో సూది పెట్టి అల్లుతున్నట్టుంది. కట్టు తడిసిందండి."

వార్డుకు ఉన్న డాక్టరు ఒక్కతే, హైమవతి. చిన్న పిల్ల, పెద్ద డాక్టరుగారు వెళ్ళాక మాకందరికీ ఆమే దిక్కు. పరుగున వచ్చింది. కట్టు అంచున చూసింది, చెంపను తాకి చూసింది. వెంటనే తెర తొలగించుకుని బయటికి వచ్చింది.

అప్పుడే కోటిలింగంగారు వేదిక దగ్గర వేయవలసిన తివాచీ కొలత కోసం వచ్చి ఉన్నారు.

"సార్, మామ్మగారి రెప్ప వాచింది, చీము కారుతోంది. ఆపరేషనయిన కంటి లోపలికి ఇన్‌ఫెక్షను చేరినట్టుంది. ఇప్పుడే కట్టు విప్పి చూడాలి. కంటి లోపలికే మందు ఎక్కించాలి. ఆలస్యమైతే కన్ను దక్కదు, సార్."

"మీ ఆవేదనను సంస్థ గుర్తించింది," అన్నారు కోటిలింగంగారు. "అయితే తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితి కొనసాగవలసి ఉంటుంది."

"పోటు కూడా యథాతథంగానే కొనసాగుతోంది బాబూ, ఆయ్," అన్నది సూరాంబ తెరలోంచి.

"అందరికీ రేపు విప్పుతాం. ఈవిడకి ఇవాళే విప్పనివ్వండి. ఒక్కరు!"

"ఒక్కరికి విప్పితే అది ప్రత్యేక దృష్టి అవుతుంది. సంస్థ సమదృష్టికి కట్టుబడి ఉంది."

"అయితే మామ్మగారిని డిశ్చార్జి చేయండి. నేనే వేరే ఆసుపత్రికి తీసుకెళతాను."

కోటిలింగంగారు ఆలోచించారు. ఆలోచన వారికి కొత్త కాదు. ఎక్కడ ఆగాలో బాగా తెలుసు. "డిశ్చార్జి చేయవచ్చును. డిశ్చార్జి సమయమున సంస్థకు చెందిన వస్తువులు తిరిగి అప్పగించవలెను. కట్టు సంస్థది. కట్టు అప్పగించవలెనన్న విప్పవలెను. విప్పుటకు..."

"ముఖ్య అతిథి," అన్నారు గనిరాజుగారు, పాఠం అప్పజెప్పినట్లు.

"నేనే చింపేస్తాను సార్! ఉద్యోగం పోతే పోనీండి!" అన్నది హైమవతి. "కానీ ఇంజెక్షను, పనిముట్లు అన్నీ థియేటర్లో ఉన్నాయి. తాళం ఇవ్వండి."

థియేటరు ద్వారానికి గులాబి రంగు రిబ్బను అడ్డంగా కట్టి ఉంది. కొత్త లైటు బిగించారు గనుక ముఖ్య అతిథి దాన్ని కూడా ప్రారంభించాలి. కోటిలింగంగారు నడుముకున్న తాళంచెవి తడుముకుని, "ప్రారంభము కానిదానిని వాడరాదు," అన్నారు. సోమవారం దాన్ని అందరి కళ్ళకూ వాడారన్నది నిజమే. అది ప్రయోగాత్మకమట.

తెర అవతలి నుంచి సూరాంబ నెమ్మదిగా, నాతోనే అన్నది: "శాస్తుర్లు గారూ, ఆ బల్లగుడ్డలో పైనాపిలు పువ్వుల వరస సగంలో ఆగిందండి. మా ఊళ్ళో ఆ వరస ఇంకెవరికీ రాదు. చూపు పోతే అల్లడం మానను. తప్పులు అల్లుకుంటూ పోతాను. తప్పని తెలీదు గదండీ, అదీ నా భయం."

నేను ఆహ్వానపత్రికను కుడికంటికి దగ్గరగా పెట్టుకుని, దాని మీది పేరును మళ్ళీ చదువుకున్నాను.

సాయంత్రం హఠాత్తుగా వరండాలో హడావుడి మొదలయింది. గురువారం సభకు వచ్చే మాన్యవర్యులు ముందురోజే ఊళ్ళో దిగి, వేదికను, వార్డును ఓసారి కంటితో చూసి పోవాలని విచ్చేశారు. ఆ బుధవారం ఆయనకు కట్లు విప్పడానికి మాత్రమే పనికిరాదు. చూడటానికి అభ్యంతరం లేదట. ముందు ఆయన, పక్కన సంస్థ అధ్యక్షులైన బియ్యం మిల్లు దాతగారు, వెనక కోటిలింగంగారు, ఆ వెనక దండలు. ఆయన వేళ్ళకున్న ఉంగరాలను నా కుడికన్ను శుక్లంలోంచి కూడా గుర్తుపట్టగలిగింది.

"వీరు శాస్త్రిగారు, పురాణం చెబుతారు. రేపు తమ మీద సీసపద్యం చదువుతారు," అని కోటిలింగంగారు నన్ను పరిచయం చేశారు.

నేను లేచి నిలబడి నమస్కరించాను.

"మాన్యవర్యా, పద్యం సిద్ధంగానే ఉంది. ఒక చిన్న సందేహం. రేపటి కార్యక్రమానికి అద్దం తెచ్చారా?"

"అద్దమా? ఎందుకు?"

"ఆహ్వానపత్రికలో నేత్రోన్మీలనమని అచ్చు వేయించారు కదా. ఆ పేరుతో దేవాలయంలో జరిగే కార్యానికి అద్దం ఉంటుంది. తెర కడతారు. విగ్రహానికి కళ్ళు తెరిపించే శిల్పి ఎదుట నిలబడడు, పక్కకు తొలగుతాడు. కళ్ళు తెరుచుకోగానే మొట్టమొదట అద్దాన్ని చూపిస్తారు. తరువాత దూడతో ఉన్న ఆవును, ధాన్యపు రాశిని చూపిస్తారు. అంతవరకూ మనుష్యులెవరూ ఆ చూపుకు ఎదురు వెళ్ళరు."

"ఎందుకు వెళ్ళరు?" మాన్యవర్యుల గొంతు కొంచెం తగ్గింది.

"అన్నాళ్ళుగా మూసి ఉన్న చూపు ఒక్కసారిగా బయటికి వస్తుంది కదండీ. ఆ తొలిచూపు చాలా తీక్షణమైనదని పెద్దలు చెబుతారు. అద్దమే బీటలు వారిన సందర్భాలు చెప్పుకుంటారు."

"అది దేవుడి విగ్రహాలకు కదా?"

"విగ్రహాలకే. మనుష్యుల విషయంలో శాస్త్రం ఏమీ చెప్పలేదు. మనుష్యులకు ఈ పేరుతో ఎవరూ చేయలేదు. తామే ప్రథములు."

నేను అబద్ధమాడలేదు. ఒక్క మాట కలపలేదు. మాన్యవర్యులు మాత్రం వార్డును ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. రెండు వరసల మంచాల మీద, కట్లు కట్టుకుని, ఆయన వైపే ముఖాలు తిప్పి కూర్చున్నాం అందరమూ. పూర్వాభ్యాసం అలవాటు చొప్పున ఎవరో వెనక నుంచి "ఆహా, కనబడుతున్నారు!" అన్నారు. గనిరాజుగారే అయి ఉంటారు.

మాన్యవర్యులు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇందరివీ తొలిచూపులు... నా మీదనా?"

"వరసగానండి," అన్నాను. "అందులో ఈ తెర పక్కనున్న అమ్మకు ఉన్నది ఒక్కటే కన్ను. చూపంతా దాంట్లోనే ఉంటుంది."

"సూటిగా చూస్తాను బాబూ," అన్నది సూరాంబ నొప్పిలోంచే.

ఆయన కండువాతో నుదురు తుడుచుకున్నారు. "చూడండి, సంస్థ అన్నాక అధికార వికేంద్రీకరణ ఉండాలి. అన్నీ నేనే చేస్తే మీరంతా ఎందుకు? నా అధికారాన్ని అధ్యక్షులవారికి బదలాయిస్తున్నాను. ఇప్పుడే, ఈ క్షణం నుంచే."

అధ్యక్షులవారు అప్పటికే ద్వారబంధం మీద చెయ్యి వేసి ఉన్నారు. "ఇది పరిపాలనా విషయమండి. కార్యదర్శిగారు చూసుకుంటారు."

"రోగి దేహము మీద ఉన్న వస్తువులు నియమావళి ప్రకారము వైద్య విభాగము పరిధిలోనికి వచ్చును," అన్నారు కోటిలింగంగారు. జీవితంలో మొదటిసారిగా ఏ తీర్మానం కోసమూ ఆగకుండా అన్నారు.

వాన నీరు కూడా ఇంత వేగంగా పల్లానికి దిగదు. ఆ అధికారం దిగి దిగి హైమవతి ముందు ఆగింది. ఆ అమ్మాయి చెయ్యి చాచింది.

"తాళం."

కోటిలింగంగారు ముఖం పక్కకు తిప్పుకుని, తాళంచెవిని మోచేతి కింది నుంచి అందించారు. ఆమె బల్ల మీది కత్తెర తీసుకుని, థియేటరు ద్వారం దగ్గర ఆగకుండానే రిబ్బను కత్తిరించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి అతిథుల్లో ఎవరూ మిగల్లేదు.

సూరాంబను లోపలికి తీసుకెళ్ళి సీలు చింపారు. కంటి నల్లగుడ్డు కింది భాగాన తెల్లటి చీము పేరుకుని ఉందని హైమవతి తరువాత చెప్పింది. ఆ సమయంలో మాత్రం తలుపు అవతల నుంచి రెండు మాటలే వినిపించాయి.

"మామ్మగారూ, ఏం కనబడుతోంది?"

"మంచులో చెయ్యి ఊగుతున్నట్టుందమ్మా."

అప్పుడే కంటి లోపలికి మందు ఎక్కించింది. ఆ వెంటనే కాకినాడలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి కావలసి వచ్చింది. ఉన్న బండి ఒక్కటే. మర్నాటి ఊరేగింపు కోసం బంతిపూలతో, మాన్యవర్యుల నిలువెత్తు చిత్రంతో అలంకరించి ఉంది. సూరాంబ అందులోనే వెళ్ళింది. దారి పొడుగునా జనం ఆగి దండాలు పెట్టారట.

బయలుదేరే ముందు హైమవతి నర్సుకు చెప్పి మా అందరి కట్లు విప్పించింది. నా ఎడమకంటి తొలిచూపు సరిగ్గా ఎదురుగా ఉన్న ద్వారం మీద పడింది. అక్కడ మాన్యవర్యులు లేరు. ఒక దండ, ఎవరిదో ఒక చెప్పు ఉన్నాయి. ఆ చెప్పు కుట్టు కూడా నాకు స్పష్టంగా కనబడింది.

కొన్ని నెలల తరువాత సూరాంబ మా ఇంటికి వచ్చింది. చూపు రావలసినంత రాలేదు. పట్టపగలు, గుమ్మంలో కూర్చుంటే అల్లుకోగలుగుతోంది. నా పురాణ గ్రంథం పెట్టుకునే వ్యాసపీఠం మీదికి ఒక లేసు గుడ్డ అల్లి తెచ్చింది. వేలితో ఒకచోట చూపించి, "ఇదిగో, ఇక్కడ ఒక అల్లిక తప్పిందండి. కనబడింది కాబట్టి చెబుతున్నాను, ఆయ్," అన్నది. విప్పి సరిచేస్తానంది. నేను ఒప్పుకోలేదు. ఆ తప్పు మీదే పుస్తకం తెరుస్తాను.

అదే సమయానికి కోటిలింగంగారు కూడా వచ్చారు. జరిగిన దాని మీద సంస్థ విచారణ సంఘం వేసిందట. కన్ను చెడటానికి కారణం మూడు రోజులు కట్టు విప్పకపోవడమని హైమవతి రాసి ఇచ్చిన మాటను పరిశీలించి, అది ఉద్యోగిని వ్యక్తిగత అభిప్రాయమని తేల్చి, ఆమెను సాగనంపారట. అసలు కారణం అద్దమూ ఆవూ లేకపోవడమని నిర్ధారణ అయిందట.

"వచ్చే శిబిరమునకు వార్డులో నిలువుటద్దము, ధాన్యపు రాశి, దూడతో కూడిన గోవు ఏర్పాటు చేయుటకు తీర్మానించడమైనది. కట్లు విప్పువరకు గోవు వార్డులోనే ఉండును. తమ రెండవ కంటికి కూడా అప్పుడే చేయింతురు కదా? గోవు ఏ వర్ణముది శ్రేష్ఠమో సెలవిస్తే..."

నేను నోరు తెరవబోయాను. సూరాంబ నా వైపు ఆ ఒక్క కంటితో సూటిగా చూసింది.

"శాస్తుర్లు గారూ, మీకు దణ్ణం పెడతాను, ఇంకో శాస్త్రం చెప్పకండి. ఈసారి ఏనుగుని తోలుకొస్తారు."

మూడోసారి ఊరుకున్నాను. వర్ణం సంగతి చెప్పలేదు.

హైమవతి ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో పని చేస్తోంది. నా కుడికంటికి అక్కడ, ఆమె చేతనే చేయించుకున్నాను. ఆహ్వానపత్రిక లేదు, వేదిక లేదు, పద్యం కూడా ఎవరూ అడగలేదు. మర్నాడు తెల్లవారగానే ఒక నర్సు వచ్చి, ఆవులిస్తూ, కట్టు విప్పి, "తాతగారూ, కళ్ళు తెరవండి," అన్నది.

తెరిచాను. పైన సీలింగు ఫ్యాను తిరుగుతోంది. రెక్కలు రెక్కలుగా కనబడింది. చేతులు జోడించాను.